నిప్పురవ్వకు కొలత

రిజర్వేషన్లను కులాన్ని బట్టి కాక పేదరికాన్ని బట్టి ఇవ్వాలని వాదించే తమిళ సినిమా ఒకటుంది. పేరు ‘ఒరే ఒరు గ్రామత్తిలే’. కథ కవి వాలిది, దర్శకుడు జ్యోతి పాండియన్. బ్రాహ్మణ ఇంట పుట్టిన ఆడపిల్ల ఆది ద్రావిడ కులం పేరిట దొంగ సర్టిఫికెట్‌తో చదువుకుని పెద్ద ఉద్యోగంలోకి వస్తుంది. చివరికి నిజం బయటపడుతుంది. ఈ సినిమా వాదన నాకు మింగుడుపడదు. ఎంత చదివినా, ఎంత సంపాదించినా కులం అడగకుండా అద్దెకు ఇల్లివ్వని వీధులు ఇప్పటికీ ఉన్న దేశంలో కులాన్ని పక్కకు నెట్టి జేబు మాత్రమే తడిమి చూడటం తప్పుడు లెక్క అని నా గట్టి నమ్మకం.

అయినా ఆ సినిమాను బతికించిన తీర్పును ఇన్నేళ్లలో ఎన్నిసార్లు చదివానో చెప్పలేను. 1989 మార్చి 30న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు అది. రాసినవారు జస్టిస్ కె. జగన్నాథ శెట్టి. న్యాయవాదుల నోట ‘రంగరాజన్ కేసు’గా నలిగిన ఆ కేసు పూర్తి పేరు ఎస్. రంగరాజన్ వర్సెస్ పి. జగ్‌జీవన్‌రామ్. పేరు చూసి బాబూ జగ్‌జీవన్‌రామ్ అనుకునేవాళ్లున్నారు. ఆయన 1986లోనే కన్నుమూశారు, ఈయన వేరు. తీర్పు ఏ పక్షాన వచ్చిందన్నది చాలామందికి తెలుసు. దాన్ని ఎలా కట్టారన్నది తక్కువమంది చూశారు. నాకు ముచ్చటగొలిపేది ఆ కట్టుబడే.

నడిచిన కథ క్లుప్తంగా ఇదీ. సెన్సార్ బోర్డు తొలుత కాదంది. చివరికి రివైజింగ్ కమిటీ సభ్యులు రెండుగా చీలి, స్వల్ప మెజారిటీతో ‘యు’ సర్టిఫికెట్ ఇచ్చారు. దాన్ని సవాలు చేస్తూ మద్రాసు హైకోర్టుకు వెళ్లారు. సింగిల్ జడ్జి రిట్లు కొట్టేశారు, డివిజన్ బెంచ్ మాత్రం సర్టిఫికెట్‌నే రద్దు చేసింది. నిర్మాత ఢిల్లీ దారి పట్టాడు. అక్కడ తమిళనాడు ప్రభుత్వం వినిపించిన మాట మనకందరికీ బాగా తెలిసిందే: సంఘాలు ఆందోళన చేస్తున్నాయి, మనోభావాలు దెబ్బతిన్నాయి, బొమ్మ ఆడితే శాంతిభద్రతలు చెడతాయి.

ఇలాంటి చోట స్వేచ్ఛ పక్షాన రాసేవాడు సాధారణంగా స్వేచ్ఛను పొగుడుతూ మొదలుపెడతాడు. శెట్టిగారు అలా చెయ్యలేదు. ముందుగా ఎదుటి పక్షం చేతిలోని అసలైన బలాన్ని ఒప్పుకున్నారు. సినిమా వార్తాపత్రిక లాంటిది కాదు అంటారు. చీకటి నిండిన హాలు, దృశ్యం, శబ్దం, మాట, నటన అన్నీ ఒక్కసారిగా మీద పడతాయి, దృష్టి మళ్లించేదేమీ ఉండదు, చూసింది మనసులో నాటుకుపోతుంది. అందుకని మంచి చేసే శక్తి ఎంతుందో చెడు చేసే శక్తీ అంతే ఉందని, ముందస్తు పరిశీలన తప్పదని స్వయంగా రాశారు. అంతకు దాదాపు ఇరవై ఏళ్ల ముందు కె.ఎ. అబ్బాస్ కేసులో సుప్రీంకోర్టు పట్టిన దారి కూడా అదే. మొదటిసారి చదివినప్పుడు ఇక్కడికొచ్చేసరికి నాకు గుండె జారింది. నిషేధించమన్నవాళ్లు చెప్పుకోవాల్సిందంతా ఈయనే చెప్పేశారు, ఇక మిగిలిందేమిటి అనుకున్నాను.

ఆ పేరా ఎందుకక్కడ ఉందో రెండోసారి చదివితేగాని తెలియలేదు. సినిమాకు శక్తి లేదు, చూసినవాడు నవ్వుకుని పోతాడు అని వాదిస్తే, రేపు నిజంగా జనాన్ని కదిపే సినిమా వచ్చినప్పుడు ఆ వాదన చెల్లదు. శక్తి ఉందని ఒప్పుకున్న తర్వాత కూడా నిలిచే స్వేచ్ఛే ఆయనకు కావాలి. మేస్త్రి గోడ లేపే ముందు గట్టి నేల తగిలేదాకా తవ్విస్తాడు. ఈయనా అంతే.

తర్వాత వస్తుంది తక్కెడ. స్వేచ్ఛకూ సమాజ ప్రయోజనానికీ మధ్య రాజీ అవసరమేనని ఒక వాక్యం. ఆ వెంటనే ఇంకోటి: రెండిటికీ సమానమైన బరువున్నట్టు తూచడం మాత్రం కుదరదు. నా కాపీలో ఈ రెండో వాక్యం కింద పెన్సిలు గీత ఇంకో గీత మీద పడి కాగితం నలిగిపోయింది. మన టీవీ చర్చల్లో ‘ఇటు స్వేచ్ఛా ముఖ్యమే, అటు మనోభావాలూ ముఖ్యమే’ అని చెప్పి ముగించడం పెద్దరికం అనిపించుకుంటోంది. శెట్టిగారు ఆ పెద్దరికాన్ని ఒప్పుకోలేదు. రాజ్యాంగంలో 19(1)(ఎ) అధికరణ ఇచ్చింది హక్కు. 19(2) ఇచ్చింది పరిమితులు, అవీ పేరుపేరునా లెక్కపెట్టినవి: దేశ సమగ్రత, భద్రత, శాంతిభద్రతలు, సభ్యత, పరువునష్టం, ఇలా కొన్ని. ప్రభుత్వ విధానాన్ని విమర్శించడం ఆ జాబితాలో ఎక్కడా లేదు. రిజర్వేషన్ ప్రభుత్వ విధానం గనక దాన్ని తిట్టే సినిమా కూడా విమర్శే. తూకపు రాయి బరువెంతో ఇక్కడ తేలిపోయింది.

మరి హక్కును ఆపగలిగే ప్రమాదం ఎంతటిదై ఉండాలి? ఇక్కడే ఆయన వాడిన పోలిక నన్ను పట్టుకుంది. ఎక్కడో దూరాన ఉన్నదీ, ఊహించుకున్నదీ, లాగి లాగి చూపించేదీ పనికిరాదు. చెప్పిన మాటకూ జరగబోయే చేటుకూ నేరుగా, దగ్గరగా ముడి ఉండాలి అంటూ, ఆ దగ్గరితనాన్ని మందుగుండు పీపాలో పడ్డ నిప్పురవ్వతో పోల్చారు. ఎంత పొదుపైన పోలికో చూడండి. నిప్పురవ్వ నిప్పురవ్వే, కాదనలేదు. మట్టిలో పడితే ఆరిపోతుంది, తడిగడ్డిలో పడితే పొగ వస్తుంది. మందుగుండులో పడితేనే పేలుతుంది. అప్పుడు నిషేధించమని అడిగే ప్రభుత్వం రవ్వను చూపిస్తే చాలదు, పీపానూ చూపించాలి, రెండూ ఒకదాన్నొకటి తాకుతున్నాయనీ చూపించాలి. చట్టం పుస్తకంలో పేజీలు పట్టే పరీక్షను వంటింటి పొయ్యి ముందు కూర్చున్నవాళ్లకు కూడా అర్థమయ్యేలా చెప్పారు.

ప్రేక్షకుడి కొలత కొత్తగా చేసింది కాదు, పాతదాన్నే తెచ్చుకున్నారు. బ్రిటిష్ కాలంలో నాగపూర్ హైకోర్టులో జస్టిస్ వివియన్ బోస్ ఒక కొలత పెట్టారు: మాట ప్రభావాన్ని తూచాలంటే నిబ్బరమైన, గట్టి మనసున్న మనిషి కళ్లతో చూడాలి, ప్రతిదానికీ కంగారుపడే మనిషి కళ్లతో కాదు. 1988లో ‘తమస్’ సీరియల్ కేసులో సుప్రీంకోర్టు దాన్నే చేతిలోకి తీసుకుంది. ఏడాది తిరిగేసరికి శెట్టిగారు అందుకుని, మామూలు ఇంగితం ఉన్న మనిషే కొలబద్ద అన్నారు. నాకు ఇందులో గొప్ప గౌరవం కనిపిస్తుంది. టికెట్ కొని హాల్లో కూర్చున్న మనిషిని ఈ కొలత పెద్దవాడిగా చూస్తుంది, బొమ్మ చూడగానే కర్ర పట్టుకుని వీధిలోకి పరిగెత్తే అమాయకుడిగా చూడదు.

ఇక ఈ తీర్పుకు గుండెకాయ. హాళ్లకు నిప్పు పెడతారేమోనని సర్కారు అన్న మాటకు జవాబు. ఊరేగింపులకూ బెదిరింపులకూ జడిసి భావ ప్రకటనను అణిచేస్తే చట్టబద్ధ పాలన లేనట్టే, బ్లాక్‌మెయిల్‌కు లొంగిపోయినట్టే అన్నారు. అక్కడితో ఆగి ఉంటే అది మంచి మందలింపుగా మిగిలేది. ఆయన ఇంకో అడుగు వేశారు: ఆ స్వేచ్ఛను కాపాడటం రాజ్యం విధి, మూకను అదుపు చెయ్యడం మా వల్ల కాదని రాజ్యం చేతులెత్తెయ్యడానికి వీల్లేదు. అప్పటిదాకా ప్రభుత్వం ‘మేం ఏమీ చెయ్యలేదు, జనమే ఒప్పుకోవడం లేదు’ అని పక్కకు తప్పుకోవచ్చు. ఈ వాక్యం తర్వాత పక్కకు తప్పుకోవడమే తప్పయింది.

మొత్తం తీర్పులో రిజర్వేషన్ల మీద సినిమా చెప్పింది ఒప్పా తప్పా అన్న విచారణ లేదు. ఆ ప్రలోభం తక్కువదేం కాదు, పెద్ద పీఠం మీద కూర్చుని ఒక మాట విసరడం ఎంతో సులువు. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. ప్రజాస్వామ్యంలో అందరూ ఒకే పాట పాడనక్కర్లేదని మాత్రం అన్నారు. ఆ సినిమాతో పేచీ ఉన్న నాలాంటివాడికి దీంతో దొరికింది ఇది: దాన్ని చూసి, దాని లెక్క ఎక్కడ తప్పిందో వేలు పెట్టి చూపించి వాదించే అవకాశం. తాళం పడ్డ సినిమాతో వాదించలేం.

ఆ కొలత మన హైదరాబాదుకూ వచ్చింది. 2006 జూన్‌లో ‘ది డావిన్సీ కోడ్’ను, సెన్సార్ బోర్డు ‘ఎ’ సర్టిఫికెట్ ఇచ్చాక కూడా, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆపేసింది. అదే నెలలో హైకోర్టులో జస్టిస్ గోడా రఘురాం ఆ ఉత్తర్వును కొట్టేశారు. అయిదేళ్లకే, 2011 ఆగస్టులో, ప్రకాశ్ ఝా ‘ఆరక్షణ్’ను ఉత్తరప్రదేశ్, పంజాబ్‌లతో పాటు మన రాష్ట్రమూ అడ్డుకుంది. మళ్లీ రిజర్వేషన్ల సినిమాయే, మళ్లీ శాంతిభద్రతల మాటే. ఉత్తరప్రదేశ్ నిషేధాన్ని సుప్రీంకోర్టు ఆగస్టు 19న రద్దు చేసింది, రంగరాజన్ కేసునే ముందు పెట్టుకుని.

ఈ తీర్పులో నాకు నచ్చని చోటూ ఉంది, దాచను. చీకటి హాలు గురించిన ఆ పేరా అప్పట్లో వాదనకు పునాది. సినిమా అరచేతిలోకి, బస్సు సీట్లోకి వచ్చేశాక ఆ చీకటి ఎక్కడుంది? ముందస్తు పరిశీలన తప్పదని ఆయన ఒప్పుకున్నది మాత్రం ఇప్పటికీ సెన్సార్ చేతిలో పదునైన కత్తెరగానే ఉంది. ఆ పేరా పక్కన నేను పెట్టిన ప్రశ్నార్థకం అలాగే ఉంది.

2019 ఫిబ్రవరి 15న అనిక్ దత్తా తీసిన బెంగాలీ వ్యంగ్య చిత్రం ‘భవిష్యతేర్ భూత్’ విడుదలైంది. మర్నాటికే కోల్‌కతాలోని దాదాపు అన్ని హాళ్లలోంచీ మాయమైంది. నిషేధమంటూ కాగితం మీద ఏమీ లేదు. పైనుంచి మాట వచ్చిందన్నారంతే. కొట్టెయ్యడానికి ఉత్తర్వే లేని చోట కోర్టు ఏం పట్టుకుంటుంది? ఏప్రిల్ 11న సుప్రీంకోర్టులో జస్టిస్ డి.వై. చంద్రచూడ్ రాసిన తీర్పు శెట్టిగారు వేసిన ఆ రెండో అడుగును పట్టుకుంది. కాపాడటం రాజ్యం విధి అయినప్పుడు, కాపాడకపోతే దానికి ధర ఉండాలి. నిర్మాతలకు పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 20 లక్షల రూపాయలు పరిహారంగా కట్టాలని, ఖర్చుల కింద మరో లక్ష ఇవ్వాలని ఆదేశించింది. ముప్పై ఏళ్ల కిందట ఒక తమిళ సినిమా కోసం రాసిన వాక్యం రూపాయల్లో వసూలైంది.