పేరు అంచు దాటిపోయిన రాజులు

సింగరేణి సెంటినరీ కాలనీ నుంచి ఎటు చూసినా ఓపెన్‌కాస్ట్ గనుల మట్టిగుట్టలే. బొగ్గు కోసం వందల అడుగులు దిగే నేల ఇది. ఇక్కడికి దగ్గర్లోనే గోదావరి గట్టున, జగిత్యాల జిల్లా కోటిలింగాలలో రాజులు పైపొరలోనే దొరికారు. ధర్మపురి సంగనభట్ల నరహరి శర్మ గారు అక్కడ ఏరిన నాణేలు చరిత్ర పరిశోధకులు పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారి చేతికి చేరాక, గోబద, నారన, కంవాయ, సమగోప అనే పేర్లు చరిత్రలోకి వచ్చాయి. వీళ్లు మనకు తెలిసింది ఆ నాణేల వల్లనే. వాటితో పాటు సాతవాహన వంశానికి మూలపురుషుడిగా చెప్పే చిముకుడి నాణెమూ బయటపడింది.

సాతవాహన కాలపు నాణెం చదవడమంటే నాకు ప్రాణం. వాటిలో ఎక్కువ భాగం సీసం, పోటిన్ అనే మిశ్రలోహం, రాగి. అచ్చు పెద్దది, బిళ్ళ చిన్నది. దెబ్బ పడినప్పుడు బ్రాహ్మీ అక్షరాల్లో సగం అంచు అవతలికి పోతాయి. ఒకదాని మీద పేరు మొదలు, ఇంకోదాని మీద చివర మిగులుతాయి. వెలుతురు ఏటవాలుగా పడేలా పట్టుకుని, భూతద్దంతో ఒక్కో గీతా పోల్చుకుని, నాణేలను పక్కపక్కన పేర్చాలి. అప్పటికిగాని 'రఞో గోబదస' అని, అంటే గోబద రాజుదని, పూర్తి కాదు. పెద్దపల్లి దగ్గర పెద్దబొంకూరు తవ్వకాల్లో సుమారు 22 వేల నాణేలు దొరికాయంటే, ఓపికున్నవాళ్లకు ఎంత పనో చూడండి.

వీటితో పోలిస్తే, అర్మేనియాను ఏలిన టిగ్రనీస్ (క్రీ.పూ. 95–55) వెండి నాణెం చాలా దర్జాగా ఉంటుంది. రెండు గద్దల నడుమ నక్షత్రమున్న కిరీటం, వెనకవైపు అంతియోకు నగర దేవత, ఆమె పాదాల దగ్గర ఈదుతున్న నది, గ్రీకు లిపిలో రాజు పేరు. అపురూపమైన నాణెమే. అయినా అది దొరక్కపోయినా టిగ్రనీస్ మిగిలేవాడు. అతని గురించి ప్రాచీన గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు గదా! గోబదకు రాసిపెట్టినవాడు లేడు. అందుకే వేలంలో ఎంత పలుకుతుందన్న లెక్క ఎలా ఉన్నా, నా దృష్టిలో గోబద బిళ్ళే ఎక్కువ విలువైనది.

ఏ బొగ్గుపొర (సీమ్) లోంచి తీశారో రాయని బొగ్గు శాంపిల్ ఎందుకూ పనికిరాదని గనుల్లో పనిచేసేవాళ్లకు తెలుసు. నాణెమూ అంతే. ఏ పొరలో, ఏ కుండపెంకుల పక్కన దొరికిందో తెలిస్తేనే రాజుల వరస తేలుతుంది. చేలో దొరికినదాన్ని చింతపండు పెట్టి తోమితే ముందు అరిగేవి అక్షరాలే. తోమకుండా, చోటు గుర్తుపెట్టుకుని కలెక్టరుకు తెలపాలి. దొరికిన నిధిని కలెక్టరుకు తెలపాలని 1878 నాటి నిధుల చట్టమూ చెబుతోంది.

ఇప్పుడు ఎల్లంపల్లి ప్రాజెక్టు వెనకనీళ్లు కోటిలింగాల దిబ్బ దాకా వచ్చాయి. నీళ్లు తగ్గే ఎండాకాలాల్లోనైనా పురావస్తు శాఖ మిగిలిన మట్టిని తవ్వాలి. గోబద మొదలైన ఈ రాజుల వరస తేలాల్సింది అక్కడే.