“అపవిత్రుడను” అని పలికిస్తున్నది ఎవరు?
హెచ్‌ఐవీతో జీవిస్తున్న కౌమారులు, మన ప్రసంగాలు: ఒక విమర్శ

హెచ్‌ఐవీని గూర్చి ప్రసంగించవలసి వచ్చినప్పుడు కాపరులమైన మనం తరచుగా తెరిచే వాక్యభాగాలు రెండు: లేవీయకాండము 13వ అధ్యాయము, మార్కు 1:40-45. కుష్ఠరోగి స్థానంలో హెచ్‌ఐవీ ఉన్న వ్యక్తిని నిలబెట్టి, అతనిపై జాలి చూపమని సంఘాన్ని కోరతాము. ఉద్దేశము మంచిదే. అయితే పుట్టుకతోనే తల్లి నుండి హెచ్‌ఐవీ సంక్రమించిన పిల్లవాని చెవికి ఈ పోలిక ఎలా వినబడుతుందో మనం పరిశీలించలేదు. మేము కూడా చాలాకాలము అలాగే ప్రసంగించాము.

లేవీయకాండము 13:45 ప్రకారము రోగి తన అపవిత్రతను తన నోటితోనే చాటుకోవాలి. అంటే, లోకము వేయవలసిన నిందను అతడే తనమీద వేసుకుంటాడు. సమాజ శాస్త్రవేత్త ఎర్వింగ్ గోఫ్‌మన్ 1963లో వెలువడిన తన గ్రంథంలో చూపించినదీ ఇదే: కళంకితుడు తనను లోకము చూసే కళ్ళతోనే చూసుకుంటాడు గనుక సిగ్గు అతని లోపలే పుడుతుంది.

మన పటాన్‌చెరు, సంగారెడ్డి పారిశ్రామిక ప్రాంతాన్నే తీసుకుందాము. ఇస్నాపూర్, పాశమైలారం, బొల్లారం వంటి చోట్ల వలస కుటుంబాలు ఇరుకైన అద్దె గదులలో కాపురముంటాయి. అలాంటి గదిలో రోజూ వేసుకునే మాత్రల డబ్బాను దాచడము కష్టము. అందుకే పెంచే అమ్మమ్మో, పిన్నమ్మో వాటిని “బలం మాత్రలు” అని చెబుతుంది. కొన్నేళ్ళకు బిడ్డకు అసలు పేరు తెలుస్తుంది. కాని ఆ పేరుకు అర్థము అతడు అంతకుముందే మన వేదికమీదనుండి విన్నాడు: అది వ్యభిచారానికి జీతము. 2000 దశకపు తొలినాళ్ళలో ఆంధ్రప్రదేశ్ అంతటా కనిపించిన పులిరాజా ప్రకటనలు పెద్దవారి ప్రవర్తనను గూర్చి హెచ్చరించాయి. అదే హెచ్చరికను మనం పాపపు లెక్కగా మార్చి పిల్లల మీద కూడా వేశాము.

యోహాను 9వ అధ్యాయంలో శిష్యులు ఆ లెక్కే అడిగారు: పాపము అతనిదా, కన్నవారిదా? ప్రభువు రెండింటినీ త్రోసివేశాడు. అయినా 34వ వచనంలో పరిసయ్యులు అదే నింద మోపి అతణ్ణి వెలివేశారు. చనిపోయిన తల్లిదండ్రులను నిందిస్తే ఆ బిడ్డ మౌనంగా భరిస్తాడు; కాని ఆ నింద తనదే అనుకుంటాడు.

మార్కు 1లోని రోగి యేసు శక్తిని సందేహించలేదు, ఇష్టాన్ని సందేహించాడు. స్వీయ నింద సరిగ్గా ఇలాగే మాట్లాడుతుంది. ప్రభువు మొదట చెయ్యి చాపి ముట్టాడు, తరువాత పలికాడు, ఆ తరువాతనే రోగము పోయింది. మనం ఈ మూడవదానినే ప్రసంగిస్తాము. రోజూ మాత్రలు వేసుకుంటున్న పిల్లవాడు దానిని విని, తనకు విశ్వాసము చాలలేదనుకుంటాడు. విశ్వాసము చూపించుకోవడానికి మాత్రలు మానివేస్తే అది ప్రాణాపాయము. వైరస్ మళ్ళీ పెరుగుతుంది. మందుకు లొంగని స్థితి కూడా రావచ్చు.

మన దేశంలో 2004 ఏప్రిల్ 1 నుండి ప్రభుత్వము ఏఆర్‌టీ మందులను ఉచితంగా ఇస్తున్నది. క్రమంగా వాడితే రక్తపరీక్షలో కనబడనంతగా వైరస్ తగ్గుతుంది. ఆ స్థితి నిలిచినంతకాలము లైంగిక సంబంధము ద్వారా అది ఇతరులకు సోకదు. ఇలాంటి యౌవనస్థుడు చదువుకోవచ్చు, వివాహము చేసుకోవచ్చు. ఈ మాట మన యౌవనస్థుల కూడికలలో ఎందుకు వినబడదు?

మరొక సంగతి. ప్రార్థన విన్నపము పేరుతో రోగి పేరును, రోగము పేరును మైకులో చదవడము మన అలవాటు. 2017లో చేసి 2018 సెప్టెంబరు నుండి అమలులోనికి వచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టము ప్రకారము, నమ్మి చెప్పిన ఈ సంగతిని సమ్మతి లేకుండా బయటపెట్టకూడదు. చట్టము రాకముందే కాపరి ధర్మము మనకు ఈ సంగతి నేర్పి ఉండవలసింది.

కుష్ఠరోగి పోలికను హెచ్‌ఐవీకి వాడడము మానివేద్దామని మా మనవి. స్వస్థతకొరకు ప్రార్థిద్దాము, మాత్రలు మానవద్దని అదే ప్రార్థనలో చెబుదాము. ప్రభువు ముట్టినప్పుడు ఆ మనిషి ఇంకా రోగిగానే ఉన్నాడు. మన సంఘములో ఈ పిల్లల చోటు కూడా స్వస్థత వచ్చేవరకు ఆగవలసినది కాదు.