వరి తెగులు సూక్ష్మజీవికి ఎన్ని పేర్లు?

గోదావరి డెల్టాలో సార్వా పంటపై గాలివాన కొట్టి వెలిసిన తరువాత, వరి ఆకులు కొననుండి అంచుల వెంబడి పసుపుబారి ఎండిపోవడం రైతులెరిగినదే. ఇది బాక్టీరియా ఎండాకు తెగులు. తెగులు సోకిన ఆకును కోసి గ్లాసునీటిలో నిలిపితే, కోసినచోటు నుండి మబ్బువంటి ద్రవం దిగుతుంది. ఆ మబ్బునిండా గ్రామ్ ఋణాత్మక బాక్టీరియాలే. విద్యార్థులు స్వయంగా చేసి చూడదగిన పరీక్ష.

ఈ జీవి పేరు మాత్రం నిలకడగా లేదు. 1922లో దీనిని సూడోమోనాస్ ఒరైజే అన్నారు. 1939లో డౌసన్ జాంథోమోనాస్ అనే ప్రజాతిని ఏర్పరచి, 1943లో దీనిని అందులో చేర్చాడు. అంతవరకు బాగానే ఉన్నది. చిక్కల్లా, ఏ మొక్కపై దొరికితే ఆ మొక్క పేర కొత్త జాతిని కల్పించడంతో వచ్చింది. జాతులు నూరు దాటాయి. అద్దె ఇంటినిబట్టి మనిషికి ఇంటిపేరు పెట్టినట్లున్నది ఈ పద్ధతి!

1974లో బెర్జీ గ్రంథం వీటిని ఐదు జాతులకు కుదించింది. 1978లో మన వరి జీవి, క్యాబేజీ నల్లకుళ్లు కలిగించే కాంపెస్ట్రిస్ జాతిలో ఒక పాథోవార్, అనగా సోకే మొక్కనుబట్టి చేసిన ఉపవిభాగం, అయింది. ఈ దిద్దుబాటు కూడ సరికాదని నా అభిప్రాయం. ఆనాటి పరీక్షలకు భేదం చిక్కనంత మాత్రాన భేదమే లేదనవచ్చునా? 1990లో స్వింగ్స్ ప్రభృతులు డి.ఎన్.ఎ. పోలికలు మొదలైనవాటి ఆధారంతో ఒరైజేను మరల జాతిగా నిలిపారు. అందులో రెండు పాథోవార్లు: ఆకు నాళాలలో పెరిగి ఎండాకు తెగులు తెచ్చేది ఒరైజే, ఈనెల నడుమ పెరిగి సన్నని చారలు తెచ్చేది ఒరైజికోలా.

ఇది పేర్ల తగవు మాత్రమే కాదు. హైదరాబాదులో రూపొంది 2008లో విడుదలైన ఇంప్రూవ్డ్ సాంబ మసూరిలో చేర్చిన మూడు జన్యువులను ఎండాకు తెగులు కోసమే ఎంపిక చేశారు. చార తెగులు పొలంలో దానిని పరీక్షించి వంగడాన్ని నిందించేవారు, ముందు ఆకుపై ఉన్నది ఏ జీవియో చూసుకోవలసి ఉంటుంది.