మైకు ముందు అడిగే ప్రశ్నలు

ఇంగ్లిషు మాటల స్పెల్లింగ్ చెప్పే అమెరికా పోటీ స్పెల్లింగ్ బీలో మన పిల్లలు గెలిచినప్పుడల్లా ఎవరో ఒకరు 'అంతా బట్టీయే కదా' అని తేల్చేస్తారు. ఆ మాట నేను ఒప్పుకోను. పోటీకి ప్రమాణంగా పెట్టుకున్న వెబ్‌స్టర్ నిఘంటువులో నాలుగున్నర లక్షలకు పైగా మాటలున్నాయి. అన్నీ బట్టీ పట్టడం ఎవరి తరం?

ఫైనల్స్ చూస్తున్నప్పుడు నా చెవులు పిల్లలు అడిగే ప్రశ్నల మీదే ఉంటాయి. 'ఇది ఏ భాషది? అర్థమేమిటి? ఒక వాక్యంలో పెట్టి చెబుతారా?' పిల్లలకు మాట పలికి వినిపించే ఆచార్యుడు, తానూ 1980లో ఇదే పోటీ గెలిచినవాడు, ఓపిగ్గా బదులిస్తాడు. గ్రీకు అన్నాడా, మైకు ముందున్న అమ్మాయి అరచేతిలో వేలితో రాసుకోవడం మొదలుపెడుతుంది. 'ఫ' వినిపించిన చోట పీహెచ్, 'క' వినిపించిన చోట సీహెచ్ ఉండొచ్చు. ఫ్రెంచి అయితే చివర్న పలకని అక్షరాలు పొంచి ఉంటాయి. ఎన్నడూ చూడని మాటను అలా ఆనవాళ్లతో పట్టుకుంటారు. తప్పితే గంట మోగుతుంది, అంతే.

1925లో లూయీవిల్ కూరియర్-జర్నల్ పత్రిక వాషింగ్టన్‌లో తొలి ఫైనల్ పెట్టినప్పుడు వేదికెక్కింది తొమ్మిదిమందే. పదకొండేళ్ల ఫ్రాంక్ న్యూహౌజర్ 'గ్లాడియోలస్' అనే పూల పేరుకు స్పెల్లింగ్ చెప్పి, 500 డాలర్ల బంగారు నాణేలు గెలుచుకున్నాడు. 1941లో పోటీ స్క్రిప్స్ సంస్థ చేతికి వచ్చింది. రెండో ప్రపంచయుద్ధం వల్ల మూడేళ్లు, కోవిడ్ వల్ల 2020లో ఆగింది.

1985లో భారతీయ సంతతి కుర్రాడు బాలు నటరాజన్ గెలిచాక అక్కడి భారతీయ కుటుంబాలు దీన్ని తమ పోటీ అనుకున్నాయి. చిట్టూరి రత్నం గారు 1989లో స్థాపించిన నార్త్ సౌత్ ఫౌండేషన్ ఊరూరా పోటీలు పెట్టి పిల్లలకు వేదిక భయం పోగొట్టింది. ఆ పోటీల రుసుములు, విరాళాలతో భారతదేశంలోని పేద విద్యార్థులకు ఉపకారవేతనాలు ఇస్తోంది. ఈ సంగతి మనలో ఎక్కువమందికి తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

నాకు అందరికంటే నచ్చినవాడు న్యూయార్క్‌లో పెరిగిన తెలుగింటి కుర్రాడు అరవింద్ మహంకాళి. 2011లో, 2012లో మూడో స్థానం; రెండుసార్లూ పడగొట్టింది జర్మన్ నుంచి వచ్చిన మాటే. ఎనిమిదో తరగతి దాటితే పోటీలో ఇక చోటుండదు. పట్టుబట్టి జర్మన్ మాటలే చదివాడు. 2013లో చివరికి వచ్చింది 'క్నేడల్'; యూదులు పులుసులో వేసుకునే ఉండ, జర్మన్ మూలమున్న యిడ్డిష్ మాట. తొణక్కుండా స్పెల్లింగ్ చెప్పి గెలిచాడు. వేసవిలో ఏం చేస్తావని విలేకరులు అడిగితే, భౌతికశాస్త్రం చదువుకుంటానన్నాడు.