అతని ఎత్తుగడ, ఆమె నటన

‘బిగ్ బాస్’ గురించి స్త్రీల సాహిత్య పత్రికలో రాయడమేమిటని కొందరికి అనిపించవచ్చు. మనలో చాలామందిమి దాన్ని చూడం. చూసినా చూశామని చెప్పుకోం. చెప్పాల్సి వస్తే అదొక చెత్త అని ఒక్క మాటతో తేల్చేస్తాం. కానీ నాచారం పారిశ్రామికవాడలో షిఫ్టు ముగించుకుని ఇల్లు చేరే ఆడవాళ్లు, ఉప్పల్‌లో మెట్రో దిగి కీసర వైపు బస్సెక్కే ఉద్యోగినులు, డిగ్రీ కాలేజీ అమ్మాయిలు దాన్ని చూస్తున్నారు. చూసి ఊరుకోవడం లేదు, దాని భాషను తమ జీవితాల్లోకి తెచ్చుకుంటున్నారు. కొత్త కోడలు అత్తగారితో, ఆడపడుచుతో సమానంగా మంచిగా ఉంటే ‘సేఫ్ గేమ్’ అంటున్నారు. తోటి విద్యార్థిని కన్నీళ్లు పెట్టుకుంటే ‘సింపతీ కార్డు’ అంటున్నారు. స్త్రీలు ఒకరినొకరు కొలుచుకోవడానికి ఒక కొత్త తూకపురాయి దొరికిందంటే, దాని బరువెంతో చూడాల్సిన పని మనదే.

ముందు కళ్ల ముందున్న ఒక వాస్తవం. 2017 జూలైలో జూనియర్ ఎన్టీఆర్ వ్యాఖ్యాతగా స్టార్ మా చానెల్లో మొదలైన తెలుగు బిగ్ బాస్ 2025 డిసెంబర్ నాటికి తొమ్మిది సీజన్లు పూర్తి చేసుకుంది. విజేతలు వరుసగా శివబాలాజీ, కౌశల్, రాహుల్ సిప్లిగంజ్, అభిజిత్, సన్నీ, రేవంత్, పల్లవి ప్రశాంత్, నిఖిల్, కల్యాణ్ పడాల. తొమ్మిది మందీ మగవాళ్లే. రెండో సీజన్‌లో గీతా మాధురి, మూడో సీజన్‌లో శ్రీముఖి, తొమ్మిదో సీజన్‌లో తనూజ చివరి మెట్టు దాకా వచ్చి ఆగిపోయారు. 2022లో ఓటీటీలో వచ్చిన ‘నాన్‌స్టాప్’లో బిందు మాధవి గెలవడం ఒక్కటే మినహాయింపు. టీవీ తెర మీద మాత్రం ఆ ట్రోఫీ ఒక్క స్త్రీ చేతికీ రాలేదు.

ఆడవాళ్లు ఆట సరిగా ఆడలేదనుకుందామా? ఇదే ఆట హిందీలో శ్వేతా తివారీ, జూహీ పర్మార్, ఊర్వశీ ఢోలకియా వరుసగా మూడు సీజన్లు గెలిచారు. తమిళంలో 2018లో రిత్విక, 2024 జనవరిలో ముగిసిన సీజన్‌లో అర్చన గెలిచారు. మలయాళంలో 2022లో దిల్షా గెలిచింది. కాబట్టి లోపం స్త్రీల సామర్థ్యంలో లేదు, ఆట స్వభావంలోనూ లేదు. మన దగ్గర ఆ ఆటను చదివే పద్ధతిలో ఏదో ఉంది.

ఆ పద్ధతి అర్థం కావాలంటే ఈ ఆట నడిచే తీరు చూడాలి. 1999లో నెదర్లాండ్స్‌లో పుట్టిన ‘బిగ్ బ్రదర్’ దీనికి తల్లివేరు. కొంతమందిని బయటి లోకంతో సంబంధం లేకుండా ఒక ఇంట్లో పెడతారు. వాళ్లు కలిసి వండుకోవాలి, తినాలి, పనులు పంచుకోవాలి. అదే చేత్తో ఇంటి నుంచి ఎవరు వెళ్లిపోవాలో నామినేట్ చెయ్యాలి, అదీ కారణం చెప్పి మరీ. ఆ తర్వాత ప్రేక్షకులు ఓటేస్తారు. అంటే ఇది పొత్తులు, లెక్కలు, దాపరికాలు లేకుండా ఒక్క వారం కూడా నడవని ఆట. పైగా సీక్రెట్ టాస్కులు ఇచ్చి తోటివాళ్లను మోసగించమని నిర్వాహకులే పురమాయిస్తారు. వెళ్లిపోయాడనుకున్న మనిషిని రహస్య గదిలో ఉంచి, మిగిలినవాళ్ల మాటలు వినిపించి, మళ్లీ లోపలికి పంపుతారు. మూడో సీజన్‌లో రాహుల్ అలా తిరిగొచ్చినవాడే, చివరికి విజేత.

ఇంత కపటం మీద నిలబడిన ఆటలో అన్నిటికన్నా పెద్ద మెచ్చుకోలు మాట ఏది? ‘జెన్యూన్’. అన్నిటికన్నా పెద్ద తిట్టు? ‘ఫేక్’. కీలకమంతా ఇక్కడే ఉంది. ఎత్తు వెయ్యకపోతే ‘కంటెంట్ లేదు’ అని పంపించేస్తారు, వేసినట్టు కనబడితే ‘మాస్క్ పడిపోయింది’ అంటారు. ఎత్తు వెయ్యాలి కానీ వేసినట్టు కనబడకూడదు. ఈ షరతు ఆడా మగా అందరికీ ఒకటే. కానీ కనబడిన ఎత్తుకు పెట్టే పేరు మాత్రం ఒకటి కాదు.

ఏడో సీజన్ తీసుకుందాం. సీనియర్ నటుడు శివాజీ ఇద్దరు యువకులను, పల్లవి ప్రశాంత్‌ను, యావర్‌ను వెంటేసుకుని ఆడాడు. అది గ్రూపు కాదని ఎవరూ అనుకోలేదు. అతనికి అభిమానులు ఇచ్చిన పేరు ‘చాణక్యుడు’. ఇప్పుడు ఐదో సీజన్ తీసుకుందాం. ఆర్జే కాజల్ ఈ కార్యక్రమానికి పాత అభిమాని. ఆట తెలిసి వచ్చానని దాచుకోలేదు. సన్నీ, మానస్‌లతో పొత్తు కట్టింది. ఎదుటివాళ్లతో గంటల తరబడి మాట్లాడి ఒప్పించే ప్రయత్నం చేసింది. ఆమెకు దక్కిన మాట ‘ఇన్‌ఫ్లుయెన్స్ చేస్తోంది’ అని. ఆమె ఫైనల్ ముందు వారంలో బయటికొచ్చింది. ఆ పొత్తులోని సన్నీ ట్రోఫీ అందుకున్నాడు. సన్నీ గెలుపు అన్యాయమని నేననడం లేదు. ఒకే పని అతని పక్కన స్నేహంగా, ఆమె పక్కన కుట్రగా ఎందుకు కనిపించిందన్నదే ప్రశ్న. మన సంస్కృతిలో ఎత్తుగడ వేసే మగవాడికి చాణక్యుడు, శ్రీకృష్ణుడు, తిమ్మరుసు అని గౌరవంగా పిలుచుకునే పేర్లు సిద్ధంగా ఉన్నాయి. ఆడదానికి దొరికేవి మంథర, శూర్పణఖ. అలాంటి జాబితాతో తీర్పుకు కూర్చుంటే తీర్పు ముందే రాసిపెట్టి ఉంటుంది.

ఈ చిక్కు తప్పించుకోవడానికి మన స్త్రీలు ఒక దారి వెతుక్కుంటారు. అది చుట్టరికం. పాశ్చాత్య దేశాల్లో ఇలాంటి ఆటల్లో పొత్తును పొత్తనే పిలుస్తారు. తెలుగు ఇంట్లో పొత్తుకు అన్నా, తమ్ముడూ, నాన్నా అని పేర్లు పెడతారు. తొమ్మిదో సీజన్‌లో తనూజ భరణిని ‘నాన్నా’ అని పిలిచింది, దివ్య అదే మనిషిని ‘అన్నా’ అంది. ‘బాండింగులు’ ఆటను పాడు చేస్తున్నాయని వారాల తరబడి చర్చ జరిగింది. ఆ పిలుపులో ప్రేమ ఎంత, లెక్క ఎంత అని తవ్వడం నాకు ఇష్టం లేదు. అవి రెండూ విడదీయలేనివని ఏ ఉమ్మడి కుటుంబంలో పెరిగిన స్త్రీకైనా తెలుసు. బస్సులో పక్కన కూర్చున్న అపరిచితుణ్ణి ‘అన్నా’ అని పిలిచినప్పుడు మనం చేసేదేమిటి? మర్యాద చూపిస్తూనే ఒక గీత గీసుకుంటాం. ఆ పిలుపు మన రక్షణ కవచం. శివాజీని ‘అన్నా’ అని వెంటున్న యువకులది విధేయత అయింది. తనూజ ‘నాన్నా’ అంటే మాత్రం అది అసలుదా, నకిలీదా అని భూతద్దం పెట్టి చూశారు. వరస కలపక తప్పని పరిస్థితి స్త్రీకి కల్పించి, కలిపాక దాన్నే నటన అన్నారు.

అదే సీజన్‌కు సామాన్యుల్లోంచి పోటీదారులను ఎంపిక చెయ్యడానికి 2025 ఆగస్టులో ఒక ప్రత్యేక కార్యక్రమం నడిపారు. దాని పేరు ‘అగ్నిపరీక్ష’. వ్యాఖ్యాత శ్రీముఖి. న్యాయనిర్ణేతల్లో నవదీప్, అభిజిత్‌లతో పాటు బిందు మాధవి ఉంది. తెలుగులో ఈ ఆట గెలిచిన ఒకే ఒక్క స్త్రీ, గెలుపు అంచు దాకా వెళ్లిన మరో స్త్రీ కలిసి నిర్వహించిన పరీక్షకు ఆ పేరు పెట్టడం యాదృచ్ఛికమే కావచ్చు. కానీ పేర్లకు జ్ఞాపకం ఉంటుంది.

ఇక్కడ మా కీసరగుట్ట స్థలపురాణం గుర్తు చెయ్యాలి. రావణుణ్ణి చంపిన పాపం పోగొట్టుకోవడానికి రాముడు ఇక్కడ శివలింగాన్ని ప్రతిష్ఠించాడట. కాశీ నుంచి లింగాన్ని తెమ్మని హనుమంతుణ్ణి పంపితే అతను రావడం ఆలస్యమైంది. శివుడే ప్రత్యక్షమై లింగాన్నిచ్చాడు. తర్వాత వచ్చిన హనుమంతుడు అలిగి తను తెచ్చిన నూటొక్క లింగాలను విసిరేశాడు. గుట్ట మీద ఎక్కడ చూసినా కనబడే లింగాలు అవేనంటారు. కేసరి కొడుకు పేరు మీద కేసరిగిరి కీసర అయిందంటారు. ఏటా శివరాత్రికి వేలమంది ఎక్కే ఆ గుట్ట మీద నన్ను ఎప్పుడూ ఆపే విషయం ఒకటే. ఒకే యుద్ధం ముగిసింది. అందులో మగవాడి చేతికి నిజంగా అంటిన హత్యాపాపానికి పరిహారం ఒక పూజ. ఏమీ చెయ్యని స్త్రీ మీద పడిన అనుమానానికి పరిహారం మంటల్లో దూకడం. చేసిన పనికి విధించేది ప్రాయశ్చిత్తం, అది ముగుస్తుంది. లోపల ఏముందో చూపించమనడం పరీక్ష, దానికి ముగింపు లేదు. సీత విషయంలో ఒకసారితో ఆగలేదు కూడా. ‘జెన్యూన్’ అనే మాట స్త్రీని అడిగేది అదే. నువ్వేం చేశావో కాదు, నీ లోపల ఏముందో చూపించు. ప్రతి వారం చూపించు.

తీర్పు చెప్పే ఓటు సంగతీ చూడాలి. అది ఒక మనిషి మనసులోని అభిప్రాయం మాత్రమే కాదు, ఒక నిర్మాణం. 2018లో ‘కౌశల్ ఆర్మీ’ అన్న మాట పుట్టాక మన హీరోల అభిమాన సంఘాల నమూనా ఈ ఆటలోకి పూర్తిగా వచ్చేసింది. రోజూ యాప్‌లో, మిస్డ్ కాల్‌లో ఓటేయించే క్రమశిక్షణ, ఎదుటివాళ్ల మీద మూకుమ్మడి దాడి, ఊరేగింపులు. దాని కొస 2023 డిసెంబర్ 17 రాత్రి చూశాం. ఏడో సీజన్ ఫలితం వచ్చాక అన్నపూర్ణ స్టూడియో బయట ఆర్టీసీ బస్సుల అద్దాలు పగిలాయి, పోటీదారుల కార్ల మీద దాడి జరిగింది. వీధిని ఆక్రమించగలిగిన అభిమానం ఎవరిదో చెప్పనక్కర్లేదు. స్త్రీలూ ఓటేస్తారు, స్త్రీలకే వెయ్యరు, నిజమే. కానీ వంట ముగించుకుని ఫోను పట్టుకునే ఓటుకూ, రోజంతా పూనుకుని వేయించే ఓట్లకూ తేడా ఉంది.

ఈ కార్యక్రమం మీద విమర్శలు లేకపోలేదు. సీపీఐ నాయకుడు నారాయణ ఏళ్లుగా దాన్ని దుయ్యబడుతూనే ఉన్నారు. అశ్లీలమంటూ హైకోర్టుకు వెళ్లినవాళ్లున్నారు. ఆ విమర్శకు కనబడేది ఆడవాళ్ల బట్టలు, ఆడా మగా ఒకే గదిలో పడుకోవడం. 2019 జూలైలో ఒక జర్నలిస్టు, ఒక నటి ఎంపిక దశలో తమతో అసభ్యంగా ప్రవర్తించారని పోలీసులకు ఫిర్యాదు చేశారు. సంస్కృతి గురించి వినిపించినంత గట్టిగా స్త్రీల పని పరిస్థితుల గురించిన చర్చ వినిపించలేదు. ఇలా నోరు విప్పిన స్త్రీకి మన సమాజంలో ఎదురొచ్చే మొదటి మాట కూడా ‘పబ్లిసిటీ కోసం’ అనే కదా. అంటే అదీ ఫేకే! తెర మీద నేర్చిన అనుమానం తెర బయట ఎక్కడ పనికొస్తుందో ఇప్పుడు తెలుస్తుంది. ఆటలో ఓడితే ట్రోఫీ పోతుంది. పోలీసు స్టేషన్లో, ఆఫీసు విచారణ కమిటీ ముందు ఇదే కొలత పెడితే న్యాయమే పోతుంది.

ఇంతకన్నా వేరుగా ఆడే వీలుందా? 1986లో మాస్కోలో దిమిత్రీ దవీదోవ్ అనే మనస్తత్వశాస్త్ర విద్యార్థి ‘మాఫియా’ అనే గదిలో ఆడే ఆట తయారు చేశాడు. తెలిసినవాళ్లు కొద్దిమంది, తెలియనివాళ్లు ఎక్కువమంది, మధ్యలో అబద్ధం. అదే సూత్రం మీద నెదర్లాండ్స్‌లో 2021లో మొదలైన కార్యక్రమం ‘ద ట్రెయిటర్స్’ పేరుతో దేశదేశాలకూ పాకింది. 2025 జూన్‌లో కరణ్ జోహార్ వ్యాఖ్యాతగా వచ్చిన భారతీయ రూపంలో మన మంచు లక్ష్మి కూడా ఆడింది. ఉర్ఫీ జావెద్, పోకర్ క్రీడాకారిణి నికితా లూథర్ కలిసి గెలిచారు. 2023లో అమెరికాలో మొదటి సీజన్ గెలిచిన సిరీ ఫీల్డ్స్ అనే నల్లజాతి స్త్రీ ద్రోహి పాత్రలోనే చివరిదాకా నిలిచింది. అంతకుముందు ‘సర్వైవర్’లో నాలుగుసార్లు ఆడినా ఆమెకు గెలుపు దక్కలేదు.

అక్కడ పితృస్వామ్యం లేదని కాదు. ఆ బల్ల చుట్టూ కూడా అనుమానాలు కులం, రంగు, జెండర్ల దారుల్లోనే నడుస్తాయి. తేడా ఒక్కటే. అక్కడ అబద్ధం నియమం. ఎవరైనా చెప్పొచ్చు, చెప్పినందుకు శీలపరీక్ష లేదు. తీర్పు చెప్పేవాళ్లూ అదే బల్ల దగ్గర కూర్చుంటారు, వాళ్ల మీదా అదే అనుమానం ఉంటుంది. బిగ్ బాస్‌లో చీకట్లో కూర్చుని చూసేవాడి మీద ఎవరి అనుమానమూ పడదు.

సాహిత్యంలో మన పరిస్థితి ఏమన్నా మెరుగ్గా ఉందా? తెలుగులో అన్నిటికన్నా గొప్ప ఎత్తుగడల నాటకం ‘కన్యాశుల్కం’. 1897లో మొదట అచ్చయి, 1909లో పెరిగి, మారి వచ్చింది. అందులో గిరీశం అబద్ధాలకు నూరేళ్లు దాటినా మనం ముచ్చటపడి నవ్వుకుంటున్నాం. మధురవాణి అతనికన్నా పెద్ద ఆటగత్తె. అందరి బలహీనతలూ తెలిసి, ఎవరితో ఏం మాట్లాడాలో తెలిసి, చివరికి మగవేషం వేసుకుని సౌజన్యారావు దగ్గరికి వెళ్తుంది. ఆమె గురించి మన విమర్శ ఎంతసేపూ చెప్పేది ఆమె మంచి మనసు గురించి. గిరీశానికి తెలివి చాలు. మధురవాణికి తెలివితో పాటు మంచితనం సర్టిఫికెట్ కావాలి. స్త్రీవాదులమైన మనం కూడా ఆ సర్టిఫికెట్ రాసివ్వడానికే తొందరపడ్డాం.

పోపులడబ్బాలో డబ్బు దాచుకోవడం, కూతురి ఫీజు కోసం బంగారం తాకట్టు పెట్టి బీరువా తాళం పోయిందని చెప్పడం, కొట్టే భర్తకు తెలియకుండా పుట్టింటికి కబురు పంపడం, ఇవన్నీ ఎత్తుగడలే. అధికారం లేనివాళ్లు కూడబెట్టుకున్న విద్య అది. మన కథలు ఆ విద్యను త్యాగం అనో, సహనం అనో, మమత అనో పిలిచి దాని పదును దాచేశాయి. ఎత్తు వేసే స్త్రీని కథ చివర్లో మంచిదని నిరూపించాల్సిన పని పెట్టుకోకుండా, ఆమె తెలివిని తెలివిగానే చూపించే కథలు మనకు కావాలి. పేరు లేని విద్యను నేరమనడం తేలిక. దానికి సరైన పేరు పెట్టే పని రచయిత్రులది. ‘ఆమె ఫేక్’ అని ఒక అమ్మాయి మరో అమ్మాయిని అనే ముందు, ‘ఆమె అలా ఆడక తప్పని ఇంటిని ఎవరు కట్టారు?’ అని అడిగే అలవాటు చెయ్యాల్సింది తరగతి గదుల్లో ఉన్న మనమే.