పెన్నేటి పాట – ఎండిన యేటి యొద్ద ఒక విలాపము

నీవు అనంతపురపు సీమవాడవైతే పెన్నను ఎన్నిసార్లు దాటియుందువో ఒకమారు జ్ఞాపకము చేసికొనుము. వాటిలో నీ పాదము తడిసినది ఎన్నిసార్లు? నంది కొండలలో పుట్టి, హిందూపురము దిక్కుగా మన సీమలో ప్రవేశించి, ఉత్తరముగా సాగి, తూర్పునకు మళ్లి, తాడిపత్రి మీదుగా కడపసీమకు పోవు ఈ యేరు నెల్లూరి యొద్ద సముద్రములో కలియునని బడిపిల్లలు వల్లించుదురు. మన కన్నులకు మాత్రము అది చాలవరకు ఇసుక బాట. ఎండకాలములో స్త్రీలు దానిలో చెలమలు తీసి, ఊట ఊరువరకు కూర్చుండి, చెంబుతో కడవలోనికి తోడికొనెడివారు. సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు సీమ ఇది. ఆ కొంచెమును వేళకు రాదు.

ఈ యేటిని గూర్చి ఒక కావ్యమున్నది. పేరు ‘పెన్నేటి పాట’. వ్రాసినవారు విద్వాన్ విశ్వముగారు. ఆయన 1915లో ఈ జిల్లాలోని తరిమెలలో జన్మించి, 1987లో కాలము చేసిరి. స్వాతంత్ర్య పోరాట దినములలో చెరసాల చూచిరి, కమ్యూనిస్టులతో నడచిరి, తరువాత ‘ఆంధ్రప్రభ’ వారపత్రికకు సంపాదకులైరి. కావ్యము 1956లో పుస్తకముగా వెలువడినది. 1950 దశకపు మొదటి యేండ్ల కరువులో ఈ సీమయందు గంజికేంద్రములు తెరువవలసి వచ్చిన సంగతి పెద్దలు ఇంకను చెప్పుకొందురు. ఆ కరువు జ్ఞాపకము ఆరకముందే వచ్చిన పుస్తకమిది.

మన విశ్వాసము కాని వాని పుస్తకము ఈ పత్రికలో ఎందుకని నీవు అడుగవచ్చును. మా సంఘపు పెద్ద ఒకాయన నన్ను అట్లే అడిగెను. యిర్మీయా గ్రంథము పదునాలుగవ అధ్యాయము నాకు ఈ పుస్తకమే నేర్పెను అని చెప్పితిని. సెమినరీలో ఆ అధ్యాయమును నేను పరీక్షకు చదివియుంటిని. చదువుట వేరు, నేర్చుట వేరు.

జరిగినది చెప్పెదను. కొన్నేండ్ల క్రిందట, వేరుసెనగ ఊడలు దిగు వేళకు వాన మొగము చాటుచేసెను. సంఘమంతయు ఉపవాస ప్రార్థనకు కూడిరి. నేను ద్వితీయోపదేశకాండమునుండి ఆకాశము ఇత్తడియగునట్టి ఆ శాపవాక్యమును తీసికొని, దాదాపు గంటసేపు పాపమును గూర్చి ప్రసంగించితిని. బాగుగా చెప్పితినని కూడ అనుకొంటిని. అందరు లేచిపోయిన పిమ్మట ఒక రైతు గుడి మెట్టు మీదనే కూర్చుండియుండెను. విత్తనకాయకు అప్పు తెచ్చినవాడు. “అయ్యగారూ, అయితే తప్పు నాదేనంటారా?” అని అడిగెను. నా యొద్ద జవాబు లేదు. ప్రార్థన చేసి పంపివేసితిని. ఆ ప్రార్థన ఇప్పుడు తలచుకొన్నను నాకు సిగ్గగుచున్నది.

ఆ రాత్రి నిద్రపట్టక చేత పట్టిన పుస్తకము ‘పెన్నేటి పాట’. దానిలో రంగన్న, గంగమ్మ అను దంపతులున్నారు. రంగన్న ఒకప్పుడు కలిగిన ఇంటివాడు. ఇప్పుడు కూలినాలితో కడుపు నింపుకొనవలసినవాడు. కథ ఇంతే. కవి పద్యములును పాటలును కలిపి, మన సీమ పలుకుబడిని విడువక చెప్పెను. పండితుడై యుండియు పాండిత్యమును గంగమ్మ వంటయింటి గడపకు ఇవతలనే విడిచిపెట్టెను. ఇది మెచ్చదగిన సంగతి. అంతకంటె మెచ్చదగినది, ఆయన తొందరపడకపోవుట. ఎండిన యేటిని చూచిన వెంటనే కారణము చెప్పడు, ఓదార్పు చెప్పడు. నిలిచి చూచును. నిన్నును నిలిపి చూపించును.

యిర్మీయా చేసినదియు అదియే గదా. ప్రధానులు పంపినవారు నీళ్లకు పోయి వట్టి కుండలతో తలలు కప్పుకొని వచ్చుట, నెర్రెలిచ్చిన నేలను చూచి సేద్యగాండ్రు సిగ్గుపడుట, లేడి తన పిల్లను విడిచిపోవుట, అడవిగాడిదలు మెట్టలమీద నిలిచి గాలి పీల్చుట – ఐదు వచనములు ఇట్లు చూచిన తరువాతనే, ఏడవ వచనములో ప్రవక్త దోషమను మాట ఎత్తెను. ఎత్తినప్పుడు ‘మా’ దోషమనెను గాని ‘మీ’ దోషమనలేదు. నేను మొదటి ఐదు వచనములను దాటవేసి, ఏడవదానిలో ‘మా’ను ‘మీ’గా మార్చి బోధించితిని.

మన కీర్తనల పుస్తకమును గూర్చియు ఒక మాట. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) మొదలైన భక్తుల పాటలు మనకు అన్నము వంటివి, వాటిని తక్కువ చేయను. అయినను వారిలో అనేకులు నీళ్లున్న సీమలలో పాడినవారు. వర్షము నిమ్మను పాట మనకున్నది, పంట కోసిన కృతజ్ఞత పాట ఉన్నది. పంట పోయిన యేట కోత పండుగనాడు ఏమి పాడవలెను? కాయలేని వేరుసెనగ కట్టలను బలిపీఠము ముందర పెట్టి నిండు గాదెల పాట పాడిన సంఘములను నేనెరుగుదును. ఆ లోటు నాకు ఈ కావ్యము చదివిన తరువాతనే తెలిసెను.

ఇక దీనిలో నాకు సమ్మతము కానిది చెప్పవలెను. ఒక ఆదివారము సాయంకాలము, ప్రార్థన ముగిసిన పిదప, అరుగుమీద కూర్చుండి కొన్ని భాగములు చదివి వినిపించితిని. రంగన్న ఇంటి పూర్వపు కలిమి, రాయలేలిన నాటి ఈ సీమ వైభవము వచ్చినప్పుడు ఒక ముసలి తల్లి నన్నాపెను. “ఆ రంగన్నోళ్లకు ముందర మళ్లు ఉన్యాయి గదా అయ్యగారూ. మా తాతకు యాడుండె? పోగొట్టుకునేదానికి ఏమన్నా ఉంటే గదా!” అనెను. అందరు నవ్విరి, నేనును నవ్వితిని. తరువాత ఆ మాట నన్ను విడువలేదు.

రతనాలను రాశులు పోసి అమ్మిన కాలమని మనవారందరు చెప్పుకొందురు. ఆ రాశుల కాలమున మన పెద్దలు ఎక్కడ నిలిచియుండిరి? ఊరి బావిలో కడవ ముంచుటకు వారికి సెలవు లేదు. మీదివారు ఎత్తి పోసిన నీళ్లకు దోసిలి పట్టి నిలిచిరి. యేరు నిండుగా పారిన యేటను వారి కడవ నిండుట ఇంకొకరి దయమీదనే యుండెను. 1876–78 నాటి పెద్ద కరువులోను ఆ తరువాతను, లండను మిషను వారి యొద్దకు మన పెద్దలు గుంపులుగా వచ్చిరన్నచో, వాక్యము మాత్రమే వారిని పిలిచెనని నేను చెప్పను. ఆకలియు పిలిచెను. ఒక్క బావి యొద్ద అందరితో నిలువవలెనను ఆశయు పిలిచెను. దానికి మనము సిగ్గుపడనక్కరలేదు.

విశ్వముగారు పేదల పక్షము నిలిచినవారు. ఇది ఎరుగనివారు కారు. అయినను కలిమినుండి పడిపోయినవాని దుఃఖము పాటకు సులభముగా ఒదుగును. ఎన్నడును మెట్టెక్కనివాని దుఃఖమునకు ఆ ఎత్తుపల్లములు లేవు. కవి సులభమైన దారి పట్టెనని నా అభిప్రాయము. నేటి వెలితిని చూచిన కన్నుతోనే నాటి నిండుదనమును కూడ పరీక్షించియుండిన, కావ్యము ఇంకను పెద్దదయ్యెడిది.

ఇంకొకటి. పెన్న యెందుకు ఎండెనని కావ్యము అడుగును. 1956లో దానికి జవాబు కష్టమే. నేడు కొంత మనకు తెలియును. పూర్వము యేటి ఇసుకలోనుండి ఊటకాలువలు తీసి మళ్లకు పారించెడివారు. ఏటేట పూడిక తీయుటకు ఇంటికొక మనిషి పార పట్టుకొని పోవలెను. పోనివాడు నలుగురిలో మాట పడవలెను. బోరుబావులు వచ్చిన తరువాత ఎవని నీళ్లు వానివైనవి. కాలువ పూడినది, కలిసి పార పట్టుట పోయినది. ఎదుటివాని బోరు కంటె లోతుగా వేయుటకు అప్పుచేసితిమి. ఇసుక లారీలలో పట్టణములకు పోయెను. ఇసుక పోయిన చోట చెలమ ఊరునా? 2012లో హంద్రీ–నీవా ద్వారా కృష్ణ నీళ్లు జీడిపల్లి వరకు వచ్చినవి. సంతోషమే. కాని ఆ నీళ్లు తూములు తిరిగి చివరి పొలమునకు, సెంటు భూమి లేనివాని గడపకు ఏ వరుసలో చేరునో ఆ లెక్క ఇంకను తేలలేదు.

పుస్తకము చిన్నది, ఒక సాయంకాలమున చదువవచ్చును. ఒంటరిగా చదువకుము, వినుటకు చదువురాని వారిని ఇద్దరినైనను పిలుచుకొనుము. పూర్వవైభవము వచ్చుచోట ఆపి వారి మాటయు వినుము. నన్నాపిన ఆ తల్లి మరుసటి ఆదివారము అందరికంటె ముందుగా వచ్చి అరుగుమీద కూర్చుండియుండెను. “రాజుల మాట వద్దులే అయ్యగారూ, గంగమ్మది ఇంకోసారి చదువు” అనెను.