ప్రఖ్యాత వృత్తము - ప్రేక్షకుని తీర్పు
('ఐసీ 814' ధారావాహికపై వెలువడిన అభిప్రాయముల విచారము)

దృశ్యకావ్యమును గూర్చి ప్రేక్షకుడు పలుకు మాటకు విమర్శకుడు ఎంత విలువ నీయవలెను? ఈ ప్రశ్న క్రొత్తది కాదు. భరతముని నాట్యసిద్ధిని వివరించుచు ప్రేక్షకుల చిరునవ్వును, పెద్ద నవ్వును, సాధువాదమును, జాలిమాటను సైతము సిద్ధిలక్షణములుగా పరిగణించెను. అయినను మన విమర్శకులు సాధారణముగా కావ్యమును పరీక్షింతురే గాని, దానిని చూచినవారి యభిప్రాయమును పరీక్షింపరు. రుచిభేదమను ఒక్క మాటతో దానిని ప్రక్కకు నెట్టుదురు. ఇది న్యాయముగా తోచదు. అభిప్రాయమునకును కారణములుండును, ఆ కారణములు కావ్యస్వరూపమును గూర్చి మనకు కొంత చెప్పగలవు. ఈ దృష్టితో ఒక టెలివిజన్ ధారావాహికను, దానికంటె ముఖ్యముగా దానిపై వెలువడిన ప్రేక్షకాభిప్రాయములను పరిశీలించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

ఆ ధారావాహిక 'ఐసీ 814: ది కాందహార్ హైజాక్'. 2024 ఆగస్టు 29వ తేదీన నెట్‌ఫ్లిక్స్ దీనిని ప్రసారము చేసెను. భాగములు ఆరు. దర్శకుడు అనుభవ్ సిన్హా. ఆ విమానమును నడపిన కెప్టెన్ దేవీశరణ్, పాత్రికేయుడు సృంజయ్ చౌధురి కలిసి వ్రాసిన 'ఫ్లైట్ ఇంటు ఫియర్' అను గ్రంథము దీనికి ఆధారము. కథ లోకవిదితము. 1999 డిసెంబరు 24వ తేదీన ఖాట్మండునుండి ఢిల్లీకి బయలుదేరిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానమును ఐదుగురు సాయుధులు అపహరించిరి. విమానము అమృతసరము, లాహోరు, దుబాయి ప్రాంతములమీదుగా కాందహారు చేరినది. రూపిన్ కత్యాల్ అను ప్రయాణికుడు హతుడయ్యెను. డిసెంబరు 31వ తేదీన మసూద్ అజహర్, అహ్మద్ ఒమర్ సయీద్ షేక్, ముష్తాక్ అహ్మద్ జర్గర్ అను మువ్వురు బందీలను మన ప్రభుత్వము విడిచిపెట్టగా ప్రయాణికులు విముక్తులైరి.

నేను నివసించు గడ్డిఅన్నారమునను, పొరుగుననున్న దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేటలందును ఈ ధారావాహిక వెలువడిన దినములలో దీనిని గూర్చిన ప్రసంగము విరివిగా వినవచ్చినది. కెప్టెన్ పాత్రను ధరించిన విజయ్ వర్మ హైదరాబాదువాడగుట అందుకొక కారణము కావచ్చును. ఇచ్చట వసతిగృహములలో నుండి పోటీపరీక్షలకు చదువుకొను యువకులు అసంఖ్యాకులు. చిరకాలముగా కాపురమున్న గృహస్థులును అట్లే. ఈ ఉభయుల మాటలును నేను వింటిని. ఇది జనాభిప్రాయ గణనము కాదు. విన్న మాటలలో పదేపదే వచ్చిన వానిని మాత్రమే విచారణకు గైకొంటిని. దేశమంతట పత్రికలలో సాగిన చర్చతో ఇవి చాలవరకు సరిపోవుచునే యున్నవి.

ఈ యభిప్రాయములలో నన్ను మొదట ఆశ్చర్యపరచినది ఒక వైపరీత్యము. ప్రేక్షకులు అసత్యమని నిందించినది యథార్థమైన అంశము; సత్యమని మెచ్చుకొన్నది కల్పితాంశము. ఈ రెండింటిని వివరింపవలసి యున్నది.

నిందకు గురియైనది అపహర్తల పేర్ల విషయము. ధారావాహికలో వారు ఒకరినొకరు చీఫ్, డాక్టర్, బర్గర్, భోలా, శంకర్ అని పిలుచుకొందురు. వీనిలో చివరి రెండు పేర్లను గూర్చి తీవ్రమైన ఆక్షేపణ బయలుదేరినది. దర్శకుడు అపహర్తల గుర్తింపును కప్పిపుచ్చుటకు ఈ పేర్లను కల్పించెనని పలువురు తలచిరి. కాని ఈ పేర్లు కల్పితములు కావు. విమానములో అపహర్తలు ఈ మారుపేర్లతోనే ప్రయాణికులకు తెలిసియుండిరని 2000 జనవరి 6వ తేదీన కేంద్ర హోంమంత్రిత్వశాఖ వెలువరించిన ప్రకటనయే చెప్పుచున్నది. అయినను వివాదము చల్లారలేదు. సమాచార ప్రసార మంత్రిత్వశాఖ సంస్థ ప్రతినిధిని పిలిపించినది. సెప్టెంబరు 3వ తేదీన సంస్థ ప్రారంభప్రకటనలో అపహర్తల అసలు పేర్లను, మారుపేర్లను రెండింటిని చేర్చుట జరిగినది.

ఇక మెప్పు పొందిన ఘట్టములను చూతము. కాందహారులో మరుగుదొడ్లు నిండి ప్రయాణికులు అవస్థపడుచుండగా కెప్టెన్ తానే విమానము అడుగుభాగమునకు దిగి గొట్టమును బాగుచేయును. కడపట విదేశాంగమంత్రి అతనికి వందనము చేయును. ఈ రెండు ఘట్టములును చూచినవారు కంట తడిపెట్టుకొనిరి. ఇట్టి నిజమును చూపినందులకు దర్శకుని అభినందించిరి. అయితే దేవీశరణ్ స్వయముగా చెప్పినదాని ప్రకారము గొట్టమును బాగుచేసినది తాను కాదు. తాలిబానులు పంపిన పనివానిని దారిచూపుటకు వెంటబెట్టుకొని క్రిందికి దిగిన మాట నిజము. మంత్రి వందనము చేయలేదు. ప్రశంసాసూచకముగా సైగ మాత్రమే చేసెను.

ప్రేక్షకుడు అజ్ఞాని యని ఈ వైపరీత్యమునుండి నిర్ణయించుట సులభము. కాని అది తొందరపాటు. సత్యము, అసత్యము అను మాటలతో అతడు చెప్పదలచినది మఱియొకటి. క్షేమేంద్రుడు ఔచిత్యవిచారచర్చలో ఔచిత్యమునకు స్థానములైన వానిని పేర్కొనుచు నామమును గూడ చేర్చెను. పేరు పాత్రస్వభావమునకు తగినట్లుండవలెననియు, దానివలన గుణదోషములు స్ఫురింపవలెననియు అతని యాశయము. భోలా, శంకర్ అను పేర్లు ఆ క్రూరకర్ములకు తగినవి కావు. అవి కపటముకొరకే ఎన్నుకొన్న పేర్లు. చరిత్రలో అది అపహర్తల కపటము. కావ్యములో వివరణ లేక నిలిచినచో అది కవి కపటముగా భాసించును. కెప్టెన్ దేవీశరణ్ పేరును శరణ్ దేవ్ అని తారుమారు చేసిన రచయిత అపహర్తల మారుపేర్లను మాత్రము ఉన్నవి ఉన్నట్లుంచుటచే ఈ భ్రాంతి బలపడినది. పేర్లు మార్చు స్వాతంత్ర్యము తనకు కలదని అతడే చూపెను గదా యని ప్రేక్షకుడు తలచిన తప్పు పట్టజాలము. గొట్టము బాగుచేసిన ఘట్టమందు ఇందుకు విపర్యయము. అది జరుగలేదు, కాని ఆ నాయకుని ధైర్యమునకు, బాధ్యతాబుద్ధికి తగియున్నది. జరిగినదాని దిశలోనే కల్పన ఒక అడుగు ముందుకు వేసినది. కావున ప్రేక్షకుని తీర్పు యాథార్థ్యమును గూర్చిన తీర్పు కాదు; ఔచిత్యమును గూర్చినది. అతని భాష పొరబడినను, అతని బుద్ధి పొరబడలేదు.

అయితే ఔచిత్యము మాత్రమే ఈ వివాదమును పూర్తిగా తేటపరుపజాలదు. ఆక్షేపించినవారిలో పెద్దలకు అపహర్తల అసలు పేర్లు కాకపోయినను, వారెవరో చక్కగా తెలియును. తెలిసినవారు ఎందులకు ఆక్షేపింపవలెను? దీనికి సమాధానము ఇతివృత్తవిభాగమునందు దొరకును.

ధనంజయుడు దశరూపకమున ఇతివృత్తమును ప్రఖ్యాతము, ఉత్పాద్యము, మిశ్రము అని మూడు విధములుగా విభజించెను. మన రామరాజభూషణుడు వసుచరిత్రమున ఈ భేదమునే రత్నభేదముతో పోల్చి, కవికల్పన అను సానపై మెరుగుపడిన పూర్వకథకు శ్రేష్ఠత్వమిచ్చెను. వీరందరును ప్రఖ్యాతత్వము కథయందున్న గుణమని భావించినట్లు తోచును. నలుడు, రాముడు, వసురాజు అన్నప్పుడు సభలోని వారందరికిని ఆ కథ తెలిసియుండెడిది గనుక అట్లు భావించుట సమంజసమే. కాని 1999లో జరిగిన సంఘటన 2024లో ఎవరికి ప్రఖ్యాతము? వసతిగృహములోని విద్యార్థి అప్పటికి పుట్టనేలేదు. విమానము అమృతసరములో దిగినపుడు అక్కడనే ఆపివేయుదురని అతడు నిజముగా ఆశించెను. అతనికి ఇది ఉత్పాద్యముతో సమానము. ఆ సంవత్సరాంతమున వారము దినములు వార్తలు చూచుచు గడపిన గృహస్థునకు ఇది ప్రఖ్యాతము. కావ్యమొక్కటే, ఇతివృత్తజాతి మాత్రము చూచువానిని బట్టి మారినది. కావున సమీపచరిత్రను వస్తువుగా గొన్న రచనలందు ప్రఖ్యాతత్వము కథయందు గాక ప్రేక్షకునియందున్నదని నేను తలచుచున్నాను.

ఈ సూత్రము నంగీకరించినచో పెద్దల ఆక్షేపణ అర్థవంతమగును. వారు తమకొరకు ఆక్షేపింపలేదు. తెలియనివారి కొరకు ఆక్షేపించిరి. తమ బిడ్డలకు ఈ ధారావాహికయే చరిత్రగ్రంథమగునని వారి భయము. అదియు నిర్హేతుకము కాదు. ఇందులో నాటి వార్తాచిత్రములు నటనాఘట్టములతో కలిపి చూపబడినవి. ఎచ్చట దాఖలా ముగిసి ఎచ్చట కల్పన ఆరంభమగునో తెలిసినవానికే తెలియును. తెలియనివానికి అంతయు దాఖలాయే. పాకిస్తాను గూఢచారి సంస్థ పాత్రను తగ్గించి చూపిరను ఆక్షేపణయు ఇట్టిదే. ప్రఖ్యాతకథకుడు సభ్యుల పూర్వజ్ఞానముపై ఆధారపడవచ్చును. ఉత్పాద్యకథకుడు సర్వమును తానే చెప్పవలెను. ఒకే రచనలో ఇరువురు ప్రేక్షకులున్నపుడు రచయిత రెండవవాని ధర్మమునే అవలంబింపవలసి యుండును. ప్రారంభప్రకటనలో చేర్చిన పేర్లు ఈ లోపమునకు చికిత్సయే గాని, రచనలో భాగము కాలేదు.

ఈ భేదమే ఉత్కంఠను గూర్చిన అభిప్రాయములను గూడ శాసించినది. అమృతసరములో విమానము సుమారు 50 నిమిషములు నిలిచినది. యువకులకు ఆ ఘట్టము, ఏమి జరుగునో యను ఉత్కంఠగా నడచినది. పెద్దలకు అది, ఎందుకు జరుగలేదు అను వేదనగా నడచినది. ఒకే దృశ్యము నుండి కుతూహలమును, పరితాపమును రెండింటిని పుట్టింపగలుగుట ఈ ధారావాహికకు గల నిజమైన శక్తి. ఢిల్లీలోని అధికారుల సమావేశములు దీర్ఘములని యువకులు విసుగుకొనగా, పెద్దలు వానినే శ్రద్ధతో చూచిరి. ప్రశ్న వేరగుటయే ఇందుకు కారణము. పత్రికాకార్యాలయ ఘట్టములు మాత్రము ఉభయులకును రుచింపలేదు. అవి మొదటి ప్రశ్నకు గాని, రెండవ ప్రశ్నకు గాని తోడ్పడవు. అభినవగుప్తుడు చెప్పిన రసవిఘ్నములలో అప్రధానత యనునది ఇచ్చట వర్తించును. ఇది రచయిత దోషము.

ముగింపు తృప్తినీయలేదను మాట మాత్రము రచయితకు చెందదు. ఈ కథలో ఫలప్రాప్తియు ఫలహానియు ఒక్క క్షణముననే సంభవించినవి. ప్రయాణికులు ఇల్లు చేరిరి. విడువబడిన మసూద్ అజహర్ మరుసటి సంవత్సరమే జైషే మహమ్మద్ సంస్థను నెలకొల్పెను. ఇట్టి నిర్వహణమున ఆనందమును కోరుట చరిత్రను మార్చుమని కోరుటయే. అట్టి ఆనందము కావలెనన్న ఉత్పాద్యకథను ఆశ్రయింపవలెను. రాధామోహన్ దర్శకత్వమున 2011లో వచ్చిన 'గగనం' దీనికి తెలుగువారెరిగిన నిదర్శనము. అందు అపహృతమైన విమానము తిరుపతిలో దిగును. బందీగానున్న ఉగ్రవాదిని విడువవలెనను నిర్బంధము అందును కలదు. కాని ఆ కథలో నాగార్జున ధరించిన సైన్యాధికారి సాహసించి ప్రయాణికులను రక్షించును. కాందహారులో లభింపని ఫలాగమము తిరుపతిలో లభించినది. ఆ చిత్రములోని హాస్యమును ఎవరును ఆక్షేపింపకపోవుటకును ఇదియే కారణము. అచ్చట నవ్వినవాడు ఏ నిజమైన మృతుని ముందును నవ్వలేదు.

ఇంతవరకు ఇరువురు ప్రేక్షకులను గూర్చి చెప్పితిని. ఈ ప్రాంతమున మూడవవాడొకడు గలడు. అతని మాటలు స్వల్పములు. 2013 ఫిబ్రవరి 21వ తేదీ సాయంకాలమున దిల్‌సుఖ్‌నగర్‌లో కోణార్క్, వెంకటాద్రి సినిమాహాళ్ల సమీపమున రెండు బాంబులు ప్రేలి 18 మంది మరణించిరి. ఆ సాయంకాలము ఆ బస్సుస్టాపులలో నిలిచినవారు, తమవారికొరకు ఆసుపత్రులలో వెదకినవారు నేడును ఇచ్చటనే యున్నారు. అట్టివారిలో నేనెరిగిన కొందరు ఈ ధారావాహికను మొదటి భాగముతోనే కట్టిపెట్టిరి. బాగున్నదనియు అనలేదు, బాగులేదనియు అనలేదు. చూడలేకపోయితిమని మాత్రము అనిరి.

అభినవగుప్తుడు రసవిఘ్నములలో నిజసుఖదుఃఖ వివశత్వము నొకటిగా చెప్పెను. తన దుఃఖమున మునిగినవానికి పరుల దుఃఖము రసముగా పరిణమింపదు. దీనికి అతడు చెప్పిన ప్రతిక్రియ గమనింపదగినది: వాద్యము, గానము, అలంకృతమైన నాట్యమండపము. అనగా ఆ విఘ్నమును తొలగించునది కావ్యము మాత్రమే కాదు, సభ. పదిమంది నడుమ కూర్చుండినపుడు తన దుఃఖము కొంత తనది కాకుండ పోవును. నేటి ధారావాహిక ఆ సభను తొలగించినది. రాత్రివేళ ఒంటిగా, చిన్నతెరపై చూచువానికి మండపము లేదు, సాధువాదము లేదు, ప్రక్కవాని నిట్టూర్పు లేదు. ఈ మూడవ ప్రేక్షకుని విషయమున మఱియొక విషాదము గలదు. సభగా కూడు స్థలమునకు చేరువనే అతనికి ఆ ఘాతము తగిలినది. అతని మౌనమును అరసికత్వమని యెంచుట అన్యాయము. భరతుడు పేర్కొన్న సిద్ధిలక్షణములలో మౌనము గూడ ఒకటి యనదగును. కాని అది రసమునకు చిహ్నమో, రసవిఘ్నమునకు చిహ్నమో విమర్శకుడు వివేచింపవలెను.

ఈ విచారమువలన తేలినది ఇది. ప్రేక్షకాభిప్రాయమును యథాతథముగా స్వీకరింపరాదు, త్రోసివేయనురాదు. అది ఏ జ్ఞానమునుండి, ఏ అనుభవమునుండి వెలువడినదో మొదట తెలిసికొనవలెను. తెలియనివాడు కుతూహలమునుండి పలుకును, తెలిసినవాడు తెలియనివాని పక్షమున పలుకును, అనుభవించినవాడు పలుకకుండును. సమీపచరిత్రను రచించువానికి ఈ మువ్వురును సభ్యులే. 'ఐసీ 814' మొదటివానిని సంతోషపెట్టినది; రెండవవానికి సమాధానము కొంత ఆలస్యముగా చెప్పినది; మూడవవానిని తలచినట్లు కానరాదు. మన పరిశోధకవిద్యార్థులు కావ్యములతోపాటు తమ వీధులలోని ప్రేక్షకులను గూడ అధ్యయనము చేసినచో, ప్రాచీనులు ఏర్పరచిన విభాగములు ఎంతవరకు నిలుచునో, ఎచ్చట సవరింపవలసియుండునో తేటపడగలదు.